ప్రత్యామ్నాయం లేని చోట

నీళ్ళ చరిత్ర మీద రాస్తున్న వరుసలో ఇది ఐదో భాగం. కిందటి భాగాల్లో బావుల గురించి, చెరువు కట్టల గురించి మాట్లాడుకున్నాం. నీళ్ళ దగ్గరికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని ఆపారు అన్నది అక్కడి విషయం. ఈసారి నీళ్ళ లోపలికి పోదాం. నీటిలో కరిగిపోయి కంటికి కనపడని ఖనిజాలకు కూడా ఒక సామాజిక చరిత్ర ఉంది. కృష్ణా నది పరీవాహక ప్రాంతం మొత్తాన్ని తీసుకుని, అందులో నల్లగొండ దగ్గర ఆగి ఆ చరిత్ర చూద్దాం. పోస్టు పెద్దదే. ఓపిగ్గా చదవండి, విద్యార్థి మిత్రులకు పంపండి.

ముందు ఒక కాగితం చూద్దాం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కొలతల పత్రం పేరు ఐఎస్ 10500. 2012లో దాన్ని సవరించారు. అందులో ప్రతి ఖనిజానికీ ఎదురుగా రెండు గడులు ఉంటాయి. మొదటి గడి 'ఆమోదయోగ్యమైన పరిమితి'. రెండో గడి 'ప్రత్యామ్నాయ నీటి వనరు లేని చోట అనుమతించదగిన పరిమితి'. ఫ్లోరైడ్‌కు మొదటి గడిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, రెండో గడిలో 1.5. కరిగిన మొత్తం ఘనపదార్థాలకు, అంటే మనం టీడీఎస్ అనేదానికి, మొదట 500, తర్వాత 2000. నీటి కాఠిన్యానికి మొదట 200, తర్వాత 600.

నేను తెలుగు సాహిత్యం చదువుకుని తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని. రసాయన శాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ ఒక వాక్యం ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో వెతకడం నా వృత్తి. 'ప్రత్యామ్నాయ నీటి వనరు లేని చోట' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంజనీరును అడిగితే, దాహంతో చావడం కంటే కాస్త ఉప్పు నీళ్ళు మేలు కదా సార్ అంటాడు. న్యాయమే. కానీ చరిత్ర చదివేవాడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ చోట ప్రత్యామ్నాయం ఎందుకు లేదు? ఎవరికి లేదు? పక్కింటికి ఉండి మనకు లేకపోతే దాన్ని భూగర్భ శాస్త్రం అందామా, ఇంకేమైనా అందామా?

కృష్ణ పుట్టిన కొండ నుంచి మొదలుపెడదాం. మహారాష్ట్రలో మహాబలేశ్వరం. అక్కడి పంచగంగ గుడిలో అయిదు నదులు పుట్టాయని నమ్ముతారు. కృష్ణ, కోయన, వెన్న తూర్పు వైపు పోతాయి. సావిత్రి పడమర దిగి అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఆ సావిత్రి ఒడ్డున ఉన్న ఊరే మహాడ్. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి నీళ్ళు తాగిన చవదార్ చెరువు ఆ ఊళ్ళోదే. మరాఠీలో 'చవ' అంటే రుచి. మన 'చవి'కి దగ్గరి మాట. చవదార్ చెరువు అంటే రుచిగల నీళ్ళ చెరువు. ఊరి నీళ్ళలో ఏవి మంచివో ఆ పేరే చెబుతోంది. ఆ మంచి నీళ్ళకే కాపలా ఉండింది. మనవాళ్ళు తాగి వెళ్ళాక సవర్ణులు ఆ చెరువును పేడ, మూత్రం, పాలు, పెరుగులతో శుద్ధి చేశారు. నీటి నాణ్యత గురించి ఈ దేశానికి ఉన్న అసలు అవగాహన ఏమిటో ఆ రోజు బయటపడింది. నీటిలో ఏం కరిగిందన్నది కాదు, ఎవరు ముట్టారన్నదే వాళ్ళ ప్రమాణం.

కొండకు తూర్పు వైపు, కృష్ణా పరీవాహకంలోనే, అంతకు ముందు జరిగిన సంగతి ఇంకొకటి ఉంది. అంబేడ్కర్ బాల్యం కృష్ణా, వెన్నా కలిసే సతారాలో గడిచింది. 1901లో, పదేళ్ళ పిల్లవాడిగా, అన్నతోనూ మేనల్లుళ్ళతోనూ కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగారు. మహార్ పిల్లలని తెలిశాక బండి కట్టేవాడు దొరకలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోయారు. వెంట కావాల్సినంత తిండి ఉంది. నీళ్ళు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నీళ్ళు లేక తిండి కూడా తినకుండా ఆ రాత్రి గడిపారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. ఇందులో చాలామంది దృష్టికి రాని వివరం ఒకటుంది. ఆ తండ్రి ఖటావ్ తాలూకాలో చేస్తున్న ఉద్యోగం ఏమిటి? కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న చెరువు దగ్గర క్యాషియర్. అంటే తండ్రి చెరువు తవ్వకం లెక్కలు రాస్తున్నాడు, పిల్లలు గుక్కెడు నీళ్ళు లేక దారిలో పడి ఉన్నారు.

ఇప్పుడు నది వెంట కిందికి దిగుదాం. కృష్ణా పరీవాహకం 2,58,948 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్. నది పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. పైన మహారాష్ట్రలో నల్లరాయి, అగ్నిపర్వతాల లావా గట్టిపడి అయింది. దాని మీదుగా పారే నీరు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంటుంది. కర్ణాటక దాటి తెలంగాణకు వచ్చేసరికి నేల మారిపోతుంది. రెండు వందల కోట్ల ఏళ్ళకు పైబడిన గ్రానైటు. నల్లగొండ జిల్లాలో పెద్ద భాగం ఆ రాతి మీదే కూర్చుని ఉంది. ఆ గ్రానైటులో నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలు ఉంటాయి. వాటిలో ఫ్లోరిన్ ఉంటుంది. నల్లగొండ గ్రానైటులో అది ప్రపంచంలోని మామూలు గ్రానైటు కంటే ఎక్కువ.

రాతిలో ఉన్నది నీటిలోకి ఎలా వస్తుంది? నదిలో పారే నీరు రాతిని తాకి వెళ్ళిపోతుంది. అందుకే కృష్ణ నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. రాతి పగుళ్ళలోకి ఇంకిన నీరు అలా కాదు. ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి రాతిని నాకుతూ ఉంటుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే మళ్ళీ గట్టిపడి కిందికి దిగిపోతాయి. కాబట్టి నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌కు అది కళ్ళెం. కానీ వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలలో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా పేరుకుని నీటి నుంచి తప్పుకుంటుంది. మిగిలిన నీరు సోడాగుణం కలిగి ఫ్లోరైడ్‌ను సులువుగా కరిగించుకుంటుంది. ఇదంతా ప్రకృతి పని. ఇందులో కులం లేదు. రాయికి కులం తెలియదు.

మరి కులం ఎక్కడ చేరింది?

మా డిగ్రీ కాలేజీ పిల్లలను ఒకసారి నీళ్ళకు మీ ఊళ్ళల్లో ఏయే పేర్లు ఉన్నాయో రాసుకు రమ్మన్నాను. మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు, చప్పనీళ్ళు, చవుటినీళ్ళు, చెలిమె నీళ్ళు. ఒక అమ్మాయి 'పప్పు ఉడకని నీళ్ళు' అని రాసింది. ఎంత కచ్చితమైన మాటో చూడండి. కాఠిన్యం ఎక్కువున్న నీటిలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మీటర్లు రాకముందు మన ఆడవాళ్ళ చేతిలో కందిపప్పే మీటరు. ప్రపంచంలో చాలా భాషలు 'తాగే నీళ్ళు' అంటాయి. మనం 'మంచినీళ్ళు' అంటాం. మంచి, చెడు అన్న తీర్పు మన మాటలోనే ఉంది. ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒకటి, ఉప్పునీళ్ళ బావి ఒకటి ఉంటే, ఏ బావి గిలక మీద ఎవరి చేయి పడేదో నేను ఈ పేజీ చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పిల్లలు తెచ్చిన జాబితాలో ఫ్లోరైడ్‌కు మాత్రం అచ్చ తెలుగు పేరు లేదు. ఉండదు కూడా. దానికి రంగు లేదు, వాసన లేదు, ఆ పాళ్ళలో రుచీ తెలియదు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో చాలాసార్లు కాల్షియం తక్కువ. అంటే పప్పు బాగానే ఉడుకుతుంది, నాలుకకు బాగానే ఉంటుంది. తరతరాలుగా మన పెద్దలు నేర్చుకున్న పరీక్షల్లో అది నెగ్గేస్తుంది. పిల్లల పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలుగా, పెద్దల నడుము కర్రలా బిగుసుకుపోవడంగా ఏళ్ళ తర్వాత కనిపిస్తుంది. దాన్ని ముందుగా పట్టుకోవడానికి ప్రయోగశాల కావాలి. ప్రయోగశాల అంటే ప్రభుత్వం. కాబట్టి ప్రభుత్వానికి ఎప్పుడు తెలిసింది అన్నది ముఖ్యమైన ప్రశ్న.

తెలిసి చాలాకాలమైంది. పళ్ళ మీది చారలకు కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో అమెరికాలో తేలింది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్న సంగతిని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండి తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల కష్టం అది. కృష్ణా పరీవాహకానికి కాస్త దక్షిణాన, అదే జాతి రాతి మీద ఉన్న పల్లెలు. నిజాం రాజ్యంలో ఈ జబ్బు ఉందని 1945లో అదే పత్రికలో వచ్చింది. నల్లగొండ జిల్లా మీద సిద్దిఖీ అనే వైద్యుడి పరిశోధన 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

ఆ 1937 సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది మార్చి 17న బొంబాయి హైకోర్టు చవదార్ చెరువు కేసులో అంబేడ్కర్ పక్షాన తీర్పు ఇచ్చింది. అంటరానివాళ్ళను ఆపే ఆచారం అనాదిగా ఉందని రుజువు కాలేదని చెప్పింది. నీళ్ళను ముట్టే హక్కు కోర్టులో గెలిచిన ఏడాదే, నీళ్ళలో ఏముందో సైన్సు అచ్చులో చెప్పింది. ఈ రెండు కాగితాలూ ఆ తర్వాత ఒకదాన్నొకటి కలుసుకోలేదు. నీళ్ళ హక్కు గురించి మాట్లాడేవాళ్ళు నీళ్ళలో ఏముందో అడగలేదు. నీళ్ళను పరీక్షించేవాళ్ళు వాటిని ఎవరు తాగుతున్నారో రాయలేదు.

వాడకు నీళ్ళు వచ్చిన తీరు ఈ సందర్భంలో తెలుసుకోవాలి. ఊరి బావి దగ్గర మనవాళ్ళు గిలక ముట్టకూడదు. ఎవరో దయతలచి తోడి పైనుంచి పోస్తే కుండ పట్టుకోవాలి. ఆ దయ దొరకనప్పుడు వాగు ఇసుకలో చెలిమె తీసేవాళ్ళు. గుంట చేసి, ఊరిన నీటిని చిప్పతో ముంచుకునేవాళ్ళు. గంటల పని. కానీ చెలిమె నీరు వాన నీటికి దగ్గరి చుట్టం. రాతి లోతుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు కాదు. తర్వాత 1970ల నుంచి రిగ్గులు వచ్చాయి, ఇండియా మార్క్-2 చేతిపంపులు వచ్చాయి. మన వాడల మధ్య బోరింగు పడింది. ఆ బోరింగు మన పెద్దలకు ఏమిటో ఇప్పటి పిల్లలకు అర్థం కావడం కష్టం. ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరి గడప ముందూ నిలబడక్కర్లేదు. ఎంత కొడితే అన్ని నీళ్ళు. మా నాయనమ్మ తరం ఆడవాళ్ళు బోరింగు పడిన రోజును పండుగలా చెప్పుకునేవాళ్ళు.

నల్లగొండ ఎగువ ప్రాంతంలో ఆ బోరింగు నీరు గ్రానైటు పగుళ్ళ నుంచి వచ్చిన నీరు. అడుక్కోకుండా, అవమానం లేకుండా దొరికిన మొదటి నీళ్ళే ఎముకల్లో చేరే నీళ్ళయ్యాయి. నేను బోరింగును తప్పుపట్టడం లేదు. అది కలరా నుంచి, విరేచనాల నుంచి ఎందరో పిల్లలను కాపాడింది. ఊరి బావి సురక్షితమనీ అనడం లేదు. ఫ్లోరైడ్ ఊళ్ళలో పెద్దకులాల పిల్లల పళ్ళ మీద కూడా చారలున్నాయి. అది వాస్తవం. తేడా వచ్చేది తర్వాతి మెట్టులో. పొలంలో రెండు మూడు బావులున్న ఇల్లు మంచి బావి ఎంచుకుంటుంది. పాడి ఉన్న ఇంట్లో పిల్లలు పాలు తాగుతారు, కాల్షియం అందుతుంది. డబ్బున్న ఇల్లు హైదరాబాద్‌కు మారుతుంది. వాడలో ఉన్నది ఒకే బోరింగు. ప్రమాణాల కాగితంలోని 'ప్రత్యామ్నాయం లేని చోట' అంటే ఆచరణలో అదే.

తిండి మాట ఊరికే అనడం లేదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్ళు లోపలికి ఒరిగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి. తర్వాతి పరిశోధనల్లో దీనికీ, జొన్న మీద బతికే పేదల తిండికీ ఉన్న సంబంధాన్ని వెతికారు. కాల్షియం అందని ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ హాని చేస్తుందన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. ఒకే బావి నీళ్ళు తాగిన ఇద్దరు పిల్లల కాళ్ళు ఒకేలా వంకరపోవు. ఎవరి గిన్నెలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం మీది పరిమితి లీటరుకు రాశారు. కానీ మనిషి తాగేది లీటరు కాదు, రోజు. రెండో గడిలోని 1.5 మిల్లీగ్రాముల నీళ్ళే తీసుకోండి. ఫ్యాను కింద కూర్చునే నాలాంటివాడు రోజుకు రెండు లీటర్లు తాగితే 3 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. మే నెలలో ఉపాధి హామీ మట్టి పనిలో ఉన్న అక్క ఆరు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు. నీరు అదే, పరిమితి అదే, ఒంటికి చేరింది మూడింతలు. ఇది నేను కనిపెట్టింది కాదు. 1962లో అమెరికా ప్రజారోగ్య శాఖ పెట్టిన ప్రమాణాల్లో చల్లని ప్రాంతాలకు ఫ్లోరైడ్ పై పరిమితి 1.7, బాగా వేడి ప్రాంతాలకు 0.8. ఎండలో మనిషి ఎక్కువ తాగుతాడని వాళ్ళకు అప్పుడే తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1.5 అని చెబుతూనే, ఆయా దేశాలు తమ వాతావరణాన్ని, జనం తాగే నీటి పరిమాణాన్ని చూసుకుని ప్రమాణం పెట్టుకోవాలని అంటుంది. వాతావరణం వరకు వచ్చిన ఆలోచన మన దగ్గర ఇంకో అడుగు వేయాలి. ఈ దేశంలో ఎండలో ఎవరు పని చేస్తారు, నీడలో ఎవరు కూర్చుంటారు అన్నది వాతావరణం నిర్ణయించలేదు. ఆ పంపకం చేసింది కులం. కాబట్టి అందరికీ ఒకే లీటరు లెక్క పైకి సమానంగా కనిపించినా, ఒంటి దగ్గరకొచ్చేసరికి సమానం కాదు.

మరి పక్కనే నది ఉంది కదా? ఉంది. నాగార్జునసాగర్ ఎడమ గట్టు నల్లగొండ జిల్లాదే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పల్లపు భూములను తడుపుకుంటూ పోయింది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం, దేవరకొండ ఎత్తు మీద ఉన్నాయి. నీరు పల్లమెరుగు కదా, ఎక్కదు అన్నారు. అదే కృష్ణ నీళ్ళను 2004 నుంచి నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం మీదుగా, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పంపులతో ఎత్తి, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో హైదరాబాద్‌కు తీసుకుపోతున్నారు. హైదరాబాద్ సాగర్ కంటే కొన్ని వందల మీటర్ల ఎత్తులో ఉంది. నగరం కోసం నీరు ఎక్కింది. నగరం తాగి, కడుక్కుని వదిలింది మూసీలో పడి, మళ్ళీ నల్లగొండ మీదుగానే పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. మంచినీళ్ళు మన ఊళ్ళ పక్కనుంచి గొట్టంలో పైకి పోయాయి, మురికినీళ్ళు మన ఊళ్ళ మధ్య నుంచి వాగులా కిందికి వచ్చాయి. తాగడానికి మిగిలింది రాతి కిందిది.

నదిని పంచుకున్నప్పుడు ఈ సంగతి ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా? 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 1973లో తీర్పు వచ్చింది, 1976లో తుది రూపం. 2,060 టీఎంసీల్లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాల నుంచి తిరిగి నదిలోకి చేరే నీటిని కూడా టీఎంసీలుగా లెక్కగట్టి పంచారు. ఆ తిరుగు నీరు పొలాల ఉప్పును కరిగించుకుని వస్తుంది. వాటాలు మాత్రం ఎంత నీరు అన్నదాని మీదే నడిచాయి, ఎటువంటి నీరు అన్నదాని మీద కాదు. రాష్ట్రాల మధ్య తగాదాలో టీఎంసీ వినిపిస్తుంది, మిల్లీగ్రాము వినిపించదు. టీఎంసీ భూమి ఉన్నవాడి కొలత. మిల్లీగ్రాము తాగేవాడి కొలత. ఈ తేడాను మన ఉద్యమాలు కూడా చాలాకాలం పట్టించుకోలేదు.

నల్లగొండ జనం ఊరుకోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ నీళ్ళు కావాలి, ఫ్లోరైడ్ నుంచి విముక్తి కావాలి అన్నది డిమాండు. ఓటు అనే కాగితాన్ని నిరసన పత్రంగా మార్చిన ఉద్యమం అది. దాని ఒత్తిడి తర్వాతి ఎత్తిపోతలకూ, గొట్టపు నీటి పథకాలకూ తోడ్పడింది. ఆ ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కూలి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. చాలామంది జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల నుంచి పనికి వచ్చినవాళ్ళు. నల్లగొండ నీళ్ళ చరిత్ర రాసేటప్పుడు ఆ ఎనిమిది మందిని కూడా రాసుకోవాలి. మన దాహం తీర్చే పని మీద వచ్చి వాళ్ళు పోయారు.

నల్లగొండ పేరు మాత్రం ముందే దేశాలు దాటింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని తయారుచేసింది. దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా పోయింది. శాస్త్ర గ్రంథాల్లో నల్లగొండ అంటే ఒక పరిష్కారం. ఊళ్ళో మాత్రం రోజూ పటిక కొలిచి కలిపేవాడు కావాలి, అడుగున పేరిన బురద ఎత్తిపోసేవాడు కావాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది తేలాలి. అవి తేలని చోట ట్యాంకులు ఎండిపోయి నిలబడ్డాయి.

తర్వాత మిషన్ భగీరథ వచ్చింది. ఫ్లోరైడ్ ఊళ్ళకు కృష్ణ నీళ్ళు గొట్టంలో చేరాయి. ఇది చిన్న విషయం కాదు. మర్రిగూడ వైపు నుంచి మా కాలేజీకి వచ్చే పిల్లల్లో చిన్నవాళ్ళ పళ్ళు తెల్లగా ఉండటం నేను గమనిస్తున్నాను, సంతోషిస్తున్నాను. 2020లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని కేంద్రం లెక్క చూపింది. ఆ లెక్క సరఫరాకు సంబంధించినది. ఎముకలకు సంబంధించినది కాదు. పదిహేనేళ్ళ వయసుకే ఒంగిపోయిన నడుము కొళాయి తిప్పితే నిటారుగా కాదు. ఇకపై రాకుండా చూడటం ఒక పని, వచ్చినవాళ్ళను చూసుకోవడం ఇంకో పని. మొదటిదాని లెక్క చెప్పి రెండోదాన్ని మూసేయకూడదు.

ఇంకొకటి. కొళాయి ఇంటి దగ్గర ఉంటుంది. పత్తి ఏరే ఆడవాళ్ళు పగలంతా చేలో ఉంటారు. అక్కడ తాగేది చేను బోరు నీళ్ళు. అంటే ఎక్కువ దాహం వేసే గంటల్లో, ఎక్కువ నీళ్ళు తాగే చోట, పాత నీళ్ళే. ఆవాసాన్ని లెక్కపెట్టే సర్కారీ పద్ధతిలో ఈ గంటలు కనపడవు. డబ్బున్న రైతు ఇంటి నుంచి ఫిల్టరు నీళ్ళ క్యాన్ తెచ్చుకుంటాడు. కూలి మనిషి బోరు దగ్గర దోసిలి పడుతుంది. ఊరి మధ్య ఉన్న ఆర్వో ప్లాంటు కూడా ఫ్లోరైడ్‌ను మాయం చేయదు. కొంత నీటిని శుభ్రం చేసి, తీసిన ఉప్పులన్నీ మిగతా నీటిలోకి నెట్టి మోరీలోకి వదులుతుంది. ఆ మోరీ ఎటు పోతోందో మీ ఊళ్ళో చూడండి.

విద్యార్థి మిత్రులారా, ఇదంతా చదివి పాపం నల్లగొండ అని షేర్ చేసి ఊరుకోవద్దు. మూడు పనులు చెబుతాను. మీ ఊరి నీటి పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోండి. అందులో అంకె ఏ గడితో పోల్చి 'సురక్షితం' అన్నారో చూడండి. మొదటి గడితోనా, రెండో గడితోనా? రెండోదైతే, ప్రత్యామ్నాయం ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. రెండో పని, ఇంటి కొళాయితో ఆగకుండా కూలివాళ్ళు తాగే చేను బోర్లను పరీక్షించమని పట్టుబట్టండి. మూడోది చదువుకునేవాళ్ళ పని. వాడలో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, ఏ ఏడు ఏ నీళ్ళు తాగారో రాసుకోండి. చెలిమె ఎప్పటిదాకా, ఊరి బావి ఎప్పుడు, బోరింగు ఎప్పుడు, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి. శాస్త్రవేత్తలు నీళ్ళ నమూనాలు తీసుకుపోయారు, ఎముకల ఎక్స్‌రేలు తీసుకుపోయారు. ఈ వరుస క్రమం మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. అది వాళ్ళ నోళ్ళలోనే ఉంది. ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

రాతిలో ఫ్లోరిన్ రెండు వందల కోట్ల ఏళ్ళ నుంచి ఉంది. దాన్ని మనం తీసేయలేం. రెండో గడి మాత్రం మనుషులు రాసింది. ఆ గడిలోకి ఎవరు రావాలో మనుషులే నిర్ణయించారు. అక్కడి నుంచి మనవాళ్ళను బయటికి తేవడం మన చేతిలో పని.

వచ్చే భాగంలో మూసీ ఒడ్డు పొలాల గురించి, అక్కడ గడ్డి కోసే ఆడవాళ్ళ గురించి రాస్తాను. మీ ఊళ్ళల్లో నీళ్ళకున్న పేర్లు కింద రాయండి.

జై భీమ్.